ఆవర్తన పట్టికలో మూలకాల బ్లాకులు: ఒక వర్గీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం:
రసాయన మూలకాలను ఎస్, పి, డి, ఎఫ్ అనే నాలుగు బ్లాకులుగా విభజించడం నేడు ఉన్నత పాఠశాల స్థాయి నుంచే బోధనలో ఉన్న విషయం. పాఠ్యపుస్తకాలు ఈ విభజనను పరమాణు నిర్మాణం నుంచి నేరుగా వచ్చిన ఫలితంగా చూపుతాయి. చరిత్రను పరిశీలిస్తే ఇది రసాయన ధర్మాల పరిశీలన, వర్ణపట విశ్లేషణ, క్వాంటం సిద్ధాంతం అనే మూడు వేర్వేరు మార్గాలు కలిసిన చోట రూపొందిన వర్గీకరణ అని తెలుస్తుంది. ఆ మూడు మార్గాలు పూర్తిగా ఏకీభవించని స్థానాలలోనే హీలియం, లాంథనం, లుటీషియం, లారెన్షియం వంటి మూలకాల గురించిన వివాదాలు నేటికీ మిగిలి ఉన్నాయి. ఈ వర్గీకరణ రూపొందిన క్రమాన్ని, దాని ప్రమాణాలను, పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఆవర్తన పట్టిక, బ్లాకు, వర్ణపటం, ఉపకర్పరం, విరళ మృత్తికలు, హీలియం, మూడో గ్రూపు, వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం:
ఏ శాస్త్రమైనా మొదట చేసే పని పేరు పెట్టడం, తరువాత చేసే పని వర్గీకరించడం. వ్యాకరణం పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించినా, రసాయనశాస్త్రం పదార్థాలను మూలకాలు, సమ్మేళనాలు, మిశ్రమాలు అని విభజించినా, ప్రతి విభజన వెనుక ఒక ప్రమాణం ఉంటుంది. ఆ ప్రమాణం వస్తువులోనే ఉన్నదా, చూసేవారి అవసరం నుంచి వచ్చినదా అన్నది వర్గీకరణ చరిత్రలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న.

నేటి ఆవర్తన పట్టికలో 118 మూలకాలున్నాయి. వీటిలో 14 ఎస్-బ్లాకుకు, 36 పి-బ్లాకుకు, 40 డి-బ్లాకుకు, 28 ఎఫ్-బ్లాకుకు చెందుతాయి. పరమాణువులో చివరగా చేరే ఎలక్ట్రాన్ ఏ ఉపకర్పరంలో చేరుతుందో దానిని బట్టి ఆ మూలకం బ్లాకును నిర్ణయించాలన్నది పాఠ్యపుస్తకాలలో కనిపించే నిర్వచనం. నిర్వచనం సరళంగానే ఉంది. కానీ దానిని అక్షరాలా పాటిస్తే హీలియం నేడున్న చోట ఉండకూడదు. థోరియం ఎఫ్-బ్లాకులో ఉండకూడదు. లారెన్షియం పి-బ్లాకులోకి పోవలసి వస్తుంది. అయినప్పటికీ పట్టిక నిలిచే ఉంది, ఉపయోగపడుతూనే ఉంది. నిర్వచనానికి, పట్టికకు మధ్య ఉన్న ఈ ఎడం ఎలా ఏర్పడిందో తెలుసుకోవడానికి బ్లాకుల చరిత్రను మొదటినుంచి చూడవలసి ఉంటుంది.

2. బ్లాకులకు ముందు – మెండలీవ్ పట్టిక:
1869లో రష్యా శాస్త్రవేత్త ద్మీత్రి మెండలీవ్ తన పట్టికను ప్రకటించే నాటికి 63 మూలకాలు తెలుసు. ఎలక్ట్రాన్ ఇంకా కనుగొనబడలేదు. పరమాణువుకు లోపలి నిర్మాణం ఉంటుందన్న ఆలోచనకు ఆధారమూ లేదు. మెండలీవ్ చేతిలో ఉన్నవి రెండే సాధనాలు: పరమాణు భారం, రసాయన ధర్మాల సామ్యం. ఈ రెండూ విభేదించిన చోట ఆయన సామ్యానికే ప్రాధాన్యమిచ్చాడు. టెల్లూరియం భారం అయోడిన్ కంటే ఎక్కువైనా, ధర్మాలను బట్టి టెల్లూరియాన్నే ముందుంచాడు. అంటే ఆవర్తన పట్టిక తొలి రూపంలోనే రెండు ప్రమాణాల మధ్య ఎంపిక జరిగింది.

మెండలీవ్ ఖాళీ గడులను వదిలి, అక్కడికి రావలసిన మూలకాలకు ఏక-బోరాన్, ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అని పేర్లు పెట్టాడు. ‘ఏక’, ‘ద్వి’, ‘త్రి’ అనే సంస్కృత సంఖ్యావాచకాలను ఆయన ఉపసర్గల వలె వాడటం భాషాధ్యయనపరులకు ఆసక్తికరమైన విషయం. పాణినీయాన్ని ఐరోపాలో ప్రచురించిన ఓటో బోట్‌లింక్‌తో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఏర్పడిన పరిచయం ఇందుకు కారణం కావచ్చని కొందరు భాషాశాస్త్రవేత్తలు ఊహించారు. అది ఊహగానే మిగిలింది. ఏక-అల్యూమినియం 1875లో గాలియంగా, ఏక-బోరాన్ 1879లో స్కాండియంగా, ఏక-సిలికాన్ 1886లో జెర్మేనియంగా బయటపడటంతో పట్టికకు విశ్వసనీయత ఏర్పడింది.

మెండలీవ్ పట్టికను లొంగని సమస్య ఒకటి వేధించింది. అదే విరళ మృత్తికల సమస్య. లాంథనం తరువాత ఒకదానినొకటి పోలిన మూలకాలు వరుసగా బయటపడుతూ వచ్చాయి. వాటిని విడివిడి గ్రూపులలో ఉంచితే సామ్యం దెబ్బతింటుంది. ఒకే గ్రూపులో ఉంచితే వరుస దెబ్బతింటుంది. చెక్ రసాయన శాస్త్రవేత్త బొహుస్లావ్ బ్రౌనర్ 1902లో వీటన్నింటినీ ఒకే గడిలో ఉంచాలని ప్రతిపాదించాడు. గ్రహముండవలసిన చోట గ్రహశకలాల గుంపు ఉన్నట్లే ఇదీ అని ఆయన భావన. 1905లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ విరళ మృత్తికలకు విడి నిలువు వరుసలు కేటాయిస్తూ పొడవైన పట్టికను రూపొందించాడు. ఎఫ్-బ్లాకు అనే పేరు లేకపోయినా దాని స్థలం అప్పటికే ఏర్పడిందని వెర్నర్ పట్టికను చూసినవారికి తెలుస్తుంది. బ్లాకు అనే భావన సిద్ధాంతం నుంచి కాక, ముందుగా రసాయన శాస్త్రవేత్తల ఇబ్బంది నుంచి పుట్టిందని దీనిని బట్టి చెప్పవచ్చు.

1913–14లో హెన్రీ మోస్లీ ఎక్స్-కిరణ వర్ణపటాల సహాయంతో మూలకాల క్రమాన్ని నిర్ణయించేది పరమాణు భారం కాదు, పరమాణు సంఖ్య అని నిరూపించాడు. దానితో లాంథనం 57వది, లుటీషియం 71వది అని స్థిరపడింది. వాటి మధ్య ఎన్ని మూలకాలకు చోటుందో మొదటిసారి లెక్కగా తెలిసింది. మోస్లీ 1915లో గాలిపోలీ యుద్ధంలో 27 ఏళ్ల వయసులో మరణించాడు. 72వ మూలకం ఏ కుటుంబానికి చెందుతుందన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

3. అక్షరాల పుట్టుక – వర్ణపట రేఖలు:
ఎస్, పి, డి, ఎఫ్ అనే అక్షరాలు పరమాణు సిద్ధాంతం కంటే పాతవి. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో శాస్త్రవేత్తలు క్షార లోహాలను జ్వాలలో వేడిచేసి, వెలువడిన కాంతిని పట్టకం ద్వారా విడగొట్టి, వర్ణపటంలో కనిపించే రేఖలను వరుసలుగా గుర్తించారు. బ్రిటన్‌కు చెందిన లివింగ్, డ్యూవర్ అనే పరిశోధకులు కొన్ని రేఖలు పదునుగా, కొన్ని చెదిరినట్లుగా ఉన్నాయని వర్ణించారు. పదునైన రేఖల శ్రేణికి ‘షార్ప్’, చెదిరిన రేఖల శ్రేణికి ‘డిఫ్యూజ్’ అనే పేర్లు అలా వచ్చాయి. అన్నింటికంటే ప్రస్ఫుటమైన శ్రేణిని స్వీడన్ శాస్త్రవేత్త రిడ్‌బర్గ్ ‘ప్రిన్సిపల్’, అనగా ప్రధాన శ్రేణి, అన్నాడు. 20వ శతాబ్ది తొలి దశకంలో బెర్గ్‌మన్ పరారుణ ప్రాంతంలో గుర్తించిన మరో శ్రేణికి ‘ఫండమెంటల్’, అనగా మూలభూత శ్రేణి, అనే పేరు స్థిరపడింది.

ఈ నాలుగు విశేషణాల తొలి అక్షరాలే తరువాత ఉపకర్పరాలకు, వాటి ద్వారా బ్లాకులకు సంకేతాలయ్యాయి. అర్థ పరిణామం దృష్ట్యా ఇది గమనార్హం. ‘పదునైన’, ‘చెదిరిన’ అన్నవి ఛాయాచిత్ర ఫలకం మీద గీత కనిపించిన తీరును చెప్పే మాటలు. వాటికి పరమాణు నిర్మాణంతో నేరుగా సంబంధం లేదు. ఎఫ్ శ్రేణి మిగిలిన వాటికంటే మూలభూతమైనదీ కాదు. వ్యవహారంలో పడ్డాక మూలార్థం మరుగున పడి, అక్షరం కేవలం సంజ్ఞగా మిగిలింది. ఎఫ్ తరువాత రావలసిన ఉపకర్పరానికి వర్ణన ఏమీ లేకుండా ఆంగ్ల అక్షరక్రమంలో ‘జి’ అని పేరు పెట్టడమే ఇందుకు నిదర్శనం. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ పదాలను అనువదించక అక్షరాలనే ఉంచుకోవడం ఈ కారణం చేత సమంజసమే. అర్థం వదిలిపోయిన మాటకు అనువాదం చేస్తే లేని అర్థం కొత్తగా చేరుతుంది.

4. నీల్స్ బోర్ – 72వ మూలకం:
1913లో పరమాణు నమూనాను ప్రకటించిన నీల్స్ బోర్, 1921–22 నాటికి ఆవర్తన పట్టిక మొత్తాన్ని ఎలక్ట్రాన్ల అమరికతో వివరించే ప్రయత్నం చేశాడు. విరళ మృత్తికలలో కొత్త ఎలక్ట్రాన్లు బయటి కర్పరంలో కాక లోపలి కర్పరంలో చేరుతున్నాయని, అందుకే వాటి రసాయన ధర్మాలు ఒకేలా ఉన్నాయని ఆయన వివరించాడు. వెర్నర్ కేటాయించిన స్థలానికి దీనితో భౌతిక కారణం దొరికింది.

ఈ వివరణ ప్రకారం విరళ మృత్తికలు 71వ మూలకంతో ముగియాలి. 72వది జిర్కోనియం కుటుంబానికి చెందాలి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త జార్జ్ ఉర్బాన్ మాత్రం విరళ మృత్తికల నుంచి ‘సెల్టియం’ అనే మూలకాన్ని వేరుచేశానని 1911లోనే ప్రకటించాడు. 1922లో దానిని 72వ మూలకంగా బలపరిచే ఎక్స్-కిరణ ఫలితాలూ వెలువడ్డాయి. ఈ దశలో కోపెన్‌హేగన్‌లోని బోర్ సంస్థలో డిర్క్ కోస్టర్, జార్జ్ హెవెషీ జిర్కోనియం ఖనిజాలను పరీక్షించి 72వ మూలకం రేఖలను గుర్తించారు. 1922 డిసెంబరు 11న స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసం చేస్తున్న బోర్, అప్పుడే అందిన ఈ వార్తను ఉపన్యాసం చివర ప్రకటించాడు. కోపెన్‌హేగన్ లాటిన్ పేరైన ‘హాఫ్నియా’ ఆధారంగా ఆ మూలకానికి హాఫ్నియం అని పేరు పెట్టారు.

సిద్ధాంతం ముందుగా చెప్పినది ప్రయోగంలో రుజువైందనడానికి తత్త్వవేత్తలు, చరిత్రకారులు ఈ సంఘటనను తరచుగా ఉదాహరిస్తారు. ఎరిక్ సెరీ వంటి రసాయనశాస్త్ర చరిత్రకారులు ఈ కథనాన్ని పునఃపరిశీలించారు. బోర్ అమరికలు గణితం నుంచి పూర్తిగా రాబట్టినవి కావు. వర్ణపటాల, రసాయన ధర్మాల పరిజ్ఞానంతో సరిచూసుకుంటూ నిర్మించినవి. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బరీ 1921లోనే, ప్రధానంగా రసాయన కారణాల మీద, 72వ మూలకం జిర్కోనియాన్ని పోలి ఉండాలని సూచించాడు. కాబట్టి హాఫ్నియం ఒక్క భౌతికశాస్త్ర విజయం కాదు. రెండు శాస్త్రాలు వేర్వేరు దారులలో ఒకే చోటికి చేరుకున్న సందర్భం.

5. 2, 6, 10, 14 – బ్లాకుల వెడల్పు:
1924లో ఎడ్మండ్ స్టోనర్ ప్రతి కర్పరంలోని ఉపకర్పరాలలో వరుసగా 2, 6, 10, 14 ఎలక్ట్రాన్లు పడతాయని ప్రతిపాదించాడు. 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలి వర్జన నియమం దీనికి పునాది వేసింది. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకటే కాకూడదన్నది ఆ నియమం. ఎస్-బ్లాకుకు 2, పి-బ్లాకుకు 6, డి-బ్లాకుకు 10, ఎఫ్-బ్లాకుకు 14 నిలువు వరుసలు ఉండటానికి ఇదే కారణం. నేడు గోడల మీద కనిపించే పట్టికలో 18 నిలువు వరుసలుండటం 2, 6, 10 కలవడం వల్లనే. ఎఫ్-బ్లాకును స్థలాభావం చేత కింద విడిగా ముద్రిస్తారు. దానిని లోపల చేర్చితే 32 నిలువు వరుసల పూర్తి పట్టిక వస్తుంది.

వెడల్పు తెలిసినా, ఏ ఉపకర్పరం తరువాత ఏది నిండుతుందన్న ప్రశ్న మిగిలింది. ఇక్కడ ఒక అనుకోని వ్యక్తి కనిపిస్తాడు. ఫ్రాన్సులోని బోవే పట్టణానికి చెందిన షార్ల్ జానే వృత్తిరీత్యా ఇంజనీరు, పారిశ్రామికుడు. చీమలు, కందిరీగల శరీర నిర్మాణం మీద పరిశోధనలు చేసినవాడు. ఆయన వృద్ధాప్యంలో, 1928–30 మధ్య, ఆవర్తన పట్టిక మీద వరుస రచనలు ప్రకటించాడు. మూలకాల సమూహాలకు ‘బ్లాకు’ అనే పదాన్ని తొలుత వాడినది ఆయనే కావచ్చునని భావిస్తారు. జానే పట్టికలో ఎఫ్-బ్లాకు ఎడమ చివర, ఎస్-బ్లాకు కుడి చివర ఉంటాయి. అందులో పీరియడ్లు 2, 2, 8, 8, 18, 18, 32, 32 అని జంటలుగా నడిచి 120 మూలకాలతో ముగుస్తాయి. హీలియం బెరీలియం పైన ఉంటుంది.

ప్రధాన క్వాంటం సంఖ్య ‘ఎన్’, కోణీయ క్వాంటం సంఖ్య ‘ఎల్’ల మొత్తం తక్కువగా ఉన్న ఉపకర్పరం ముందు నిండుతుందనే నియమం జానే పట్టికలో అంతర్లీనంగా ఉంది. 1936లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాడెలుంగ్ దానిని ప్రకటించడంతో అది ఆయన పేరుతో ప్రసిద్ధి పొందింది. 4ఎస్‌కు ఈ మొత్తం 4, 3డి‌కి 5. అందువల్ల పొటాషియం, కాల్షియం ఎస్-బ్లాకులో నిలిచి, ఆ తరువాతనే స్కాండియంతో డి-బ్లాకు మొదలవుతుంది. అయితే క్రోమియం, రాగి, పల్లేడియం, బంగారం వంటి సుమారు 20 మూలకాల ఎలక్ట్రాన్ విన్యాసాలు ఈ నియమానికి లొంగవు. నియమం పట్టిక ఆకారాన్ని చెబుతుంది. ప్రతి పరమాణువు వివరాన్ని చెప్పదు. బ్లాకుల విషయంలో వచ్చే వివాదాలకు మూలం ఈ తేడాలో ఉంది.

6. సీబోర్గ్ సవరణ:
1940ల వరకు ముద్రితమైన పట్టికలలో థోరియం హాఫ్నియం కింద, ప్రొటాక్టినియం టాంటలం కింద, యురేనియం టంగ్‌స్టన్ కింద ఉండేవి. అంటే అవి నేటి పరిభాషలో డి-బ్లాకు మూలకాలు. వాటి సంయోజకతలు వరుసగా 4, 5, 6 కావడం చేత ఆ అమరిక సహజంగానే తోచింది. నెప్ట్యూనియం, ప్లుటోనియం కనుగొన్న తరువాత అవి రీనియం, ఆస్మియంల వలె కాక యురేనియాన్ని పోలి ఉండటంతో సందేహం మొదలయింది.

95, 96 మూలకాలను రసాయనికంగా వేరుచేసే ప్రయత్నాలు పాత అమరికను అనుసరించినంత కాలం ఫలించలేదు. 1944లో గ్లెన్ సీబోర్గ్ ఈ బరువైన మూలకాలన్నీ ఆక్టినియంతో మొదలయ్యే, లాంథనైడులకు సమాంతరమైన రెండో శ్రేణి అని భావించాడు. ఆ ప్రకారం వాటికి 3 సంయోజకత ప్రధానంగా ఉండాలి. ఆ ఊహతో సాగిన పరిశోధనలో అమెరీషియం, క్యూరియం గుర్తింపబడ్డాయి. 1945లో సవరించిన పట్టిక ప్రచురితమయింది. ఎఫ్-బ్లాకుకు రెండో అడ్డువరుస ఏర్పడింది.

ఈ సవరణలో ఒక చిక్కు ఉంది. థోరియం పరమాణువులో, దాని అత్యల్ప శక్తి స్థితిలో, ఎఫ్ ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. 6డిలో రెండు, 7ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లున్నాయి. నిర్వచనాన్ని బట్టి పాత పట్టికే సరైనదనిపిస్తుంది. కానీ మొత్తం శ్రేణి ప్రవర్తనను చూస్తే సీబోర్గ్ అమరికే సరైనది. ఒక్కొక్క మూలకాన్ని విడిగా పరీక్షించి కాక, శ్రేణిని మొత్తంగా చూసి బ్లాకును నిర్ణయించాలన్నది ఈ ఘట్టం చెప్పే పాఠం.

7. మూడో గ్రూపు వివాదం:
స్కాండియం, యట్రియంల కింద రావలసినవి లాంథనం, ఆక్టినియమా? లేక లుటీషియం, లారెన్షియమా? ఇది ముద్రణకు సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. నిజానికి ఎఫ్-బ్లాకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది ఈ ప్రశ్న మీదనే ఆధారపడి ఉంది.

లాంథనంలో 4ఎఫ్ ఎలక్ట్రాన్ లేదు. 5డిలో ఒకటి ఉంది. అందుచేత అది డి-బ్లాకుకు చెందుతుందని పూర్వులు భావించారు. లుటీషియంలోనూ 5డిలో ఒక ఎలక్ట్రాన్ ఉంది. దానికి ముందున్న ఇటర్బియంలోనే 4ఎఫ్ 14 ఎలక్ట్రాన్లతో నిండిపోయింది. కాబట్టి లుటీషియంలో చివరగా చేరినది డి ఎలక్ట్రానే. 1948లో లాండౌ, లిఫ్షిట్జ్ తమ క్వాంటం యాంత్రికశాస్త్ర గ్రంథంలో లుటీషియాన్ని విరళ మృత్తికలలో చేర్చడం తగదన్నారు. 1982లో విలియం జెన్సెన్ రసాయన, భౌతిక ధర్మాలను క్రోడీకరించి లుటీషియం, లారెన్షియంలే యట్రియం కింద ఉండాలని వాదించాడు. లాంథనం పక్షాన నిలిచినవారు విన్యాసాల ఆధారంగానే ప్రతివాదం చేశారు. కొన్ని పట్టికలు 15 మూలకాలనూ ఎఫ్-బ్లాకులో కలిపి చూపాయి. ఎఫ్ ఉపకర్పరంలో 14 ఎలక్ట్రాన్లకే చోటున్నప్పుడు ఆ బ్లాకుకు 15 నిలువు వరుసలుండటం సిద్ధాంతానికి పొసగదు.

2015లో ఈ వివాదానికి ఊహించని మలుపు వచ్చింది. జపాన్‌లోని టోకై పరిశోధన కేంద్రంలో లారెన్షియం తొలి అయనీకరణ శక్తిని కొలిచారు. అది సుమారు 4.96 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఈ తక్కువ విలువ, చివరి ఎలక్ట్రాన్ 6డిలో కాక 7పిలో ఉన్నదన్న లెక్కలకు అనుగుణంగా ఉంది. నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే లారెన్షియం పి-బ్లాకులో చేరాలి. అలా చేర్చాలని సాధారణంగా ఎవరూ కోరలేదు.

అదే ఏడాది చివర అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్ర సమాఖ్య ఎరిక్ సెరీ ఆధ్వర్యంలో ఒక కార్యవర్గాన్ని నియమించింది. 2021లో వెలువడిన తాత్కాలిక నివేదిక విన్యాసాల వాదాన్ని పక్కనపెట్టింది. మూలకాలు పరమాణు సంఖ్య క్రమంలో ఉండాలి. బ్లాకుల వెడల్పు 2, 6, 10, 14 ప్రకారం ఉండాలి. డి-బ్లాకు 1, 9 అనే అసమాన ముక్కలుగా చీలకూడదు. ఈ మూడు నియమాలనూ 32 వరుసల పట్టికలో ఒకేసారి నిలిపేది లుటీషియం, లారెన్షియంల అమరికేనని ఆ నివేదిక సూచించింది. ఇందులో కొంత సమయం, సంప్రదాయం పాలు ఉన్నదన్న విషయాన్నీ అది దాచలేదు.

8. హీలియం – గుంటూరు నుంచి పట్టిక దాకా:
బ్లాకుల చరిత్రలో అన్నింటికంటే చిన్న మూలకమే పెద్ద ప్రశ్న. హీలియంలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లూ 1ఎస్‌లోనే ఉన్నాయి. విన్యాసం ప్రకారం అది ఎస్-బ్లాకు మూలకం. ప్రవర్తన ప్రకారం అది జడవాయువు; అందుకే పి-బ్లాకు చివర నియాన్ పైన ముద్రిస్తారు. స్థలం ఒకచోట, కులం ఒకచోట అయిన మూలకం ఇదొక్కటే.

ఈ మూలకానికి తెలుగునేలతో నిజమైన సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూశాడు. జాన్సెన్ గుంటూరులోనే హీలియంను కనుగొన్నాడని సాధారణంగా చెప్పుకోవడం కద్దు. వాస్తవం కొంత భిన్నం. సూర్యుని అంచున లేచే జ్వాలలు ప్రకాశమానమైన వాయువులని, వాటి రేఖలను గ్రహణం లేనప్పుడు కూడా చూడవచ్చునని గుర్తించడం జాన్సెన్ ప్రధాన కృషి. పసుపు రేఖ సోడియం రేఖలతో సరిగ్గా కలియడం లేదన్న సంగతి పోగ్సన్ పరిశీలనలో కనిపిస్తుంది. 1868 అక్టోబరు 20న ఇంగ్లండు నుంచి గ్రహణం లేకుండానే ఆ రేఖను చూసిన నార్మన్ లాకియర్, అది సోడియానిది కాదని తేల్చి, తరువాత దానిని కొత్త మూలకానికి ఆపాదించాడు. 1895లో విలియం రాంసే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును భూమి మీద వేరుచేశాడు. గుంటూరుకు దక్కవలసిన గౌరవాన్ని ఈ వివరం తగ్గించదు. ఏ ఒక్కరి పేరుతోనో ఒక్క రోజులో ముగియని ఆవిష్కరణలో గుంటూరు, మచిలీపట్నం రెండింటికీ భాగమున్నదని ఇది స్పష్టం చేస్తుంది.

గ్రహణం జరిగిన కొద్ది నెలలకే మెండలీవ్ పట్టిక వెలువడింది. అందులో హీలియం లేదు. మూలకానికి గుర్తుగా నిలిచినది ఒక రేఖ మాత్రమే; దాని పరమాణు భారం గాని, రసాయన ధర్మం గాని తెలియదు. కాబట్టి మెండలీవ్ ప్రమాణాలకు అది అందలేదు. బ్లాకులకు అక్షరాలనిచ్చినదీ, హీలియంను పరిచయం చేసినదీ వర్ణపటమే అయినా, వర్ణపటం ద్వారా పరిచయమైన ఆ మూలకమే బ్లాకుల విభజనలో సరిగా ఇమడలేదు. జానే దానిని బెరీలియం పైన ఉంచాడు. నేటికీ కొందరు సిద్ధాంతకర్తలు ఆ పక్షాన ఉన్నారు. రసాయన శాస్త్రవేత్తలలో అత్యధికులు నియాన్ పైననే ఉంచుతున్నారు.

9. వర్గీకరణ ప్రమాణాలు – వర్ణమాలతో పోలిక:
రెండు ప్రమాణాల కూడలిలో నిర్మించిన పట్టిక తెలుగువారికి కొత్తది కాదు. వర్ణమాలలోని వర్గాక్షరాలు ఉచ్చారణ స్థానాన్ని బట్టి అడ్డువరుసలుగా, ప్రయత్నాన్ని బట్టి నిలువు వరుసలుగా అమరి ఉంటాయి. కవర్గం నుంచి పవర్గం వరకు ఏ గడిలో ఏ ధ్వని ఉండాలో ఆ రెండింటిని బట్టి చెప్పవచ్చు. సంస్కృత ధ్వనుల కోసం ఏర్పడిన ఈ చట్రంలో తెలుగు ధ్వనులను ఇమిడ్చేటప్పుడు దంత్యాలైన ౘ, ౙల వద్ద చిక్కు వచ్చింది. స్థానాన్ని బట్టి అవి తవర్గం వైపు మొగ్గుతాయి. లిపిని, తాలవ్యాలతో గల సంబంధాన్ని బట్టి చవర్గానికి చెందుతాయి. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగు వర్ణాలు 36 అని లెక్కించినప్పుడు వీటిని విడిగా పరిగణించాడు. ఏ అచ్చులతో తాలవ్యాలవుతాయో, ఏ అచ్చులతో దంత్యాలవుతాయో నిర్దేశించాడు. అంటే చట్రాన్ని తోసివేయలేదు, ధ్వని భేదాన్ని కప్పిపుచ్చలేదు. ఉభయాన్నీ నిలిపే సూత్రాన్ని చెప్పాడు.

హీలియం, లుటీషియంల విషయంలో రసాయన శాస్త్రవేత్తలు చేస్తున్నదీ ఇంచుమించు ఇదే. 12వ గ్రూపులోని జింకు, కాడ్మియం, పాదరసం మరో ఉదాహరణ. వాటిలో డి ఉపకర్పరం నిండి ఉంటుంది. సాధారణ అయాన్లలోనూ నిండే ఉంటుంది. పరివర్తన మూలకానికి డి ఉపకర్పరం అసంపూర్ణంగా ఉండాలన్నది సమాఖ్య నిర్వచనం. కాబట్టి అవి డి-బ్లాకు మూలకాలే, కానీ పరివర్తన మూలకాలు కావు. ‘బ్లాకు’ పట్టికలోని స్థానాన్ని చెబుతుంది. ‘పరివర్తన’ ప్రవర్తనను చెబుతుంది. బోధనలో ఈ రెండింటినీ పర్యాయపదాలుగా వాడటం వల్ల విద్యార్థికి కలిగే అయోమయం తక్కువది కాదు.

ఈ పోలికకు పరిమితి ఉంది. వర్ణమాల మనుషుల ఉచ్చారణను వర్గీకరిస్తుంది, పట్టిక ప్రకృతిని వర్గీకరిస్తుంది. 2, 6, 10, 14 అన్న సంఖ్యలను ఏ సంఘమూ తీర్మానించలేదు. ఆ సంఖ్యలతో ఏర్పడిన చట్రంలో ఒక్కొక్క మూలకాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మాత్రం కొంతవరకు మనుషుల నిర్ణయం.

10. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. బ్లాకుల స్థలాన్ని రసాయన శాస్త్రవేత్తలు, పేర్లను వర్ణపట పరిశోధకులు, వెడల్పును క్వాంటం సిద్ధాంతకర్తలు నిర్ణయించారు. బ్లాకుల విభజన ఏ ఒక్క సిద్ధాంతం నుంచో వెలువడినది కాదు.

2. చివరగా చేరిన ఎలక్ట్రాన్‌ను బట్టి బ్లాకును నిర్ణయించాలన్న పాఠ్యపుస్తక నిర్వచనం స్థూలంగా ఉపయోగపడుతుంది. హీలియం, లాంథనం, థోరియం, లారెన్షియంల వద్ద అది నిలవదు. ఈ మినహాయింపులను దాచకుండా, నిర్వచనంతోపాటే బోధించడం అవసరం.

3. థోరియం, లుటీషియంల ఉదంతాలు ఒకే విషయాన్ని చెబుతున్నాయి. బ్లాకు అన్నది విడి మూలకపు లక్షణం కంటే శ్రేణి లక్షణం.

4. హీలియం ఆవిష్కరణలో గుంటూరు, మచిలీపట్నం పరిశీలనల పాత్రను అతిశయోక్తి లేకుండా నమోదు చేయవలసి ఉంది. ఒక్కరికే ఘనతను ఆపాదించే కథనం కంటే అనేకుల కృషిని చూపే చరిత్రే స్థానిక చరిత్ర రచనకు మేలు చేస్తుంది.

5. 2016లో 113, 115, 117, 118 మూలకాలకు పేర్లు ఖాయం కావడంతో ఏడో పీరియడ్ నిండింది. 118 తరువాతి మూలకాలు తయారైతే ఎస్-బ్లాకులో మరి రెండు గడులు, ఆపైన ఇంతవరకు ఎవరూ చూడని జి-బ్లాకు అవసరమవుతాయి. అంత బరువైన పరమాణువులలో ఉపకర్పరాల శక్తులు దగ్గరదగ్గరగా ఉండి, బ్లాకుల హద్దులు నేటికంటే ఎక్కువగా చెరిగిపోవచ్చు. 1869లో టెల్లూరియం, అయోడిన్‌ల వద్ద మెండలీవ్‌కు ఎదురైన ప్రశ్నే అప్పుడూ ఎదురవుతుంది: క్రమం, సామ్యం విభేదించినప్పుడు దేనిని పాటించాలి?